స్కర్టుకు ముందు, స్కర్టు తర్వాత: హోవర్‌క్రాఫ్ట్ సైనిక వికాసంపై ఒక పరిశీలన

హోవర్‌క్రాఫ్ట్ పుట్టుక గురించి చాలామంది చెప్పే ముచ్చట ఒకటుంది. బ్రిటిష్ ఇంజినీరు క్రిస్టఫర్ కాకరెల్ 1956లో తన నమూనాను రక్షణ అధికారులకు చూపిస్తే, నావికాదళం అది విమానమందట, వైమానిక దళం పడవ అందట, భూసేన అసలు పట్టించుకోలేదట. కాకరెల్ స్వయంగా చెప్పుకున్న మాటే ఇది. సర్కారు బుర్రల మీద నవ్వుకోవడానికి బాగానే పనికొస్తుంది. కానీ అప్పటి యంత్రం ఏం చేయగలదో, ఏం చేయలేదో లెక్క వేసుకుంటే ఆ అధికారుల అనుమానం మరీ అంత తెలివితక్కువదేమీ కాదు. హోవర్‌క్రాఫ్ట్‌ను సైన్యానికి పనికొచ్చేలా చేసింది వాహనాన్ని నేలకు కాస్త పైన తేల్చే గాలి దిండు ఆలోచన ఒక్కటే కాదు. ఆ దిండు చుట్టూ తర్వాత కట్టిన రబ్బరు స్కర్టు లేకపోతే కథ అక్కడే ఆగిపోయేది.

నిజానికి సైన్యాలు ఈ దారిలో కాకరెల్ కంటే ముందే నడిచాయి. 1915లో ఆస్ట్రియా-హంగరీ నావికాదళం కోసం డాగోబర్ట్ ముల్లర్ వాన్ తోమమూల్ ఒక టార్పెడో పడవ కట్టాడు. దాని అడుగుకు ఫ్యాన్లతో గాలి కొట్టేవారు. 30 నాట్లు దాటిన వేగంతో పరుగెత్తినా ప్రయోగం అక్కడితోనే ముగిసింది. 1930లలో సోవియట్ ఇంజినీరు వ్లదీమిర్ లెవ్‌కోవ్ ఇంకా ముందుకెళ్లాడు. 1937 నాటి ఆయన ఎల్-5 డ్యురాలుమిన్‌తో కట్టిన దాడి పడవ, వేగం సుమారు 70 నాట్లు. అయితే నిలువు గొట్టాల్లో బిగించిన విమానం ఇంజన్లు తొందరగా వేడెక్కేవి. అడుగు బోర్లించిన డొప్పలా ఉండటంతో గాలి అంచుల నుంచి కారిపోయేది. ఈలోగా యుద్ధం వచ్చి ఆ పని చెదిరిపోయింది.

కాకరెల్ పట్టుకున్నది సరిగ్గా ఈ కారిపోవడాన్నే. పిల్లి తిండి డబ్బా ఒకటి తీసుకుని కాస్త పెద్దదైన కాఫీ డబ్బాలో అమర్చాడు. రెండింటి మధ్య సన్నని వలయాకారపు సందు మిగిలింది. అందులోంచి బ్లోయర్‌తో గాలిని కిందికి కొట్టి, వంటింటి త్రాసు మీద ఎంత ఒత్తిడి పడుతోందో చూశాడు. ఒకే డబ్బాలోంచి అంతే గాలి వదిలినప్పటి కంటే సుమారు మూడింతలు వచ్చింది. అంచున చుట్టూ దిగే గాలి తెరలా నిలబడి లోపలి గాలిని బయటికి పోనివ్వడం లేదన్నమాట. 1955 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అక్కర్లేదన్న ప్రభుత్వమే దాన్ని రహస్య జాబితాలో పెట్టి ఆయన నోరు కట్టేసింది. 1958లో ఆ ముద్ర తీసేశాకే నేషనల్ రీసెర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ డబ్బు పెట్టింది. సాండర్స్-రో కంపెనీ కౌస్‌లో ఎస్ఆర్.ఎన్1 హోవర్‌క్రాఫ్ట్‌ను కట్టింది.

ఇక్కడ కొలతలు చూడాలి. ఎస్ఆర్.ఎన్1 బరువు దాదాపు 4 టన్నులు, పొడవు సుమారు 9 మీటర్లు, వెడల్పు 7. అంత బరువూ అంత విశాలమైన అడుగు మీద పరుచుకుంటే చదరపు మీటరుకు 80 కిలోల దరిదాపు పడుతుంది. మనిషి నిలబడితే పాదం కింద పడే ఒత్తిడి ఇంతకు ఎన్నో రెట్లు. బురద మీద దిగబడకుండా పోగలగడానికి కారణం ఇదే. కానీ అది లేచిన ఎత్తు సుమారు 23 సెంటీమీటర్లే. ఎత్తు రెట్టింపు చేయాలంటే గాలి తప్పించుకునే సందు కూడా రెట్టింపవుతుంది, ఇంజన్ శక్తి దానితోపాటే పెరగాలి. 1959 జూలై 25న కాలే నుంచి డోవర్‌కు చానెల్ దాటినప్పుడు ప్రయాణం రెండు గంటలకు పైగా పట్టింది. నడిపింది పీటర్ లాంబ్. బరువు సరిచూడటానికి కాకరెల్ తానే డెక్ మీద అటూ ఇటూ కదిలాడు. పత్రికలకు పండగే. జానెడెత్తు అల వస్తే తడబడే వాహనంలో జవాన్లను ఎక్కించాల్సిన అధికారికి మాత్రం ఇందులో భరోసా ఏముంది?

చిక్కు విప్పినవాడు బ్రిటిష్ ఇంజినీరు సి.హెచ్. లాటిమర్-నీధమ్. అంచుల నుంచి మెత్తటి స్కర్టు వేలాడదీస్తే గాలి దిండు లోతు పెరుగుతుంది, సందు మాత్రం పెరగదు. సుమారు 1.2 మీటర్ల స్కర్టు తొడిగాక అదే ఎస్ఆర్.ఎన్1 మీటరు ఎత్తు అడ్డంకులను దాటింది, ఎక్కువ బరువూ మోసింది. స్కర్టు త్వరగా అరిగిపోయేది. అందుకే తర్వాత దాన్ని వేళ్లలా విడివిడి ముక్కలు చేశారు. చిరిగిన ముక్కను మాత్రమే మార్చుకోవచ్చు, ఒకటి చిరిగినా పక్కవి గాలిని ఆపుతాయి. మూడు దళాలూ ఉమ్మడిగా లీ-ఆన్-సోలెంట్‌లో ప్రయోగ విభాగం పెట్టుకున్నది కూడా స్కర్టు వచ్చిన ఈ 1960ల ఆరంభంలోనే. ఆ వరుస కాకతాళీయం కాదని నా అభిప్రాయం.

యుద్ధంలో అసలు పరీక్ష వియత్నాంలో జరిగింది. బ్రిటిష్ ఎస్ఆర్.ఎన్5 ఆధారంగా బెల్ కంపెనీ తయారుచేసిన వాహనాలను అమెరికా నావికాదళం 1966లో మెకాంగ్ డెల్టాకు తెచ్చింది. వరదనీటిలో మునిగిన రెల్లు మైదానాల్లో మామూలు గస్తీ పడవలు పోలేని చోట ఇవి గట్లు ఎక్కి దిగి దూసుకెళ్లాయి. అయితే టర్బైన్ రొద మైళ్ల దూరం ముందే కబురు చెప్పేది. ఖర్చూ, మరమ్మతులూ తడిసిమోపెడయ్యాయి. 1968లో భూసేన తెచ్చుకున్న మూడింటిలో రెండు శత్రు దాడుల్లో ధ్వంసమయ్యాయి. వేటకు వెళ్లే బండిగా హోవర్‌క్రాఫ్ట్ నిలబడలేదనే చెప్పాలి.

నిలబడింది మోతబండిగా. 1980లలో అమెరికా నావికాదళం ప్రవేశపెట్టిన ఎల్‌సీఏసీ హోవర్‌క్రాఫ్ట్ 60 టన్నుల సరుకుతో 40 నాట్ల వేగాన నౌక నుంచి నేరుగా ఒడ్డు మీదికే ఎక్కుతుంది. పాత దిగుడు పడవలకు ప్రపంచ తీరాల్లో ఆరో వంతు అందితే గొప్ప, దీనికి 70 శాతం పైగా అందుబాటులోకి వచ్చాయని ఆ దళం లెక్క. సోవియట్ జుబ్ర్ మూడు ట్యాంకులను మోయగలదు. మన కోస్ట్ గార్డుకు గ్రిఫన్ డిజైన్ హోవర్‌క్రాఫ్ట్‌లు కోల్‌కతా గార్డెన్ రీచ్ యార్డులో తయారయ్యాయి. కచ్ తీరంలోని జఖౌ, పాక్ జలసంధి పక్కనున్న మండపం వంటి చోట్ల వాటిని ఉంచారు. పోటు తీశాక పడవకు నీళ్లు చాలని, జీపుకు నేల చాలని తీరాలవి.