పిల్లల్ని కాలేజీలో వేశాక మనం అడగని మాట

మన తోట్లవల్లూరు వైపు పరీక్షా ఫలితాలు రాగానే ఇంటింటా ఒకటే ప్రశ్న: "పిల్లాణ్ణి ఎక్కడ వేస్తున్నారు?" ఉయ్యూరా, బెజవాడా, గుడివాడా, కాస్త ధైర్యం చేస్తే హైదరాబాదా? హాస్టల్లో అన్నం బాగుంటుందా, నీళ్ళు సరిగ్గా వస్తాయా అని వంద ఆరాలు తీస్తాం. అబ్బాయికి "అమ్మాయిల వెనక పడకు" అనీ, అమ్మాయికి "అబ్బాయిలతో మాటలు పెట్టుకోకు" అనీ జాగ్రత్తలు చెప్పి పంపిస్తాం. అబ్బాయి మనసు అబ్బాయి మీదికో, అమ్మాయి మనసు అమ్మాయి మీదికో పోతే? ఆ ఊహే మనకు రాదు. ఒకవేళ వచ్చినా "అదంతా అమెరికా పోకడ, మన పిల్లలకెందుకుంటుంది" అని తోసేస్తాం.

అమెరికా పోకడేనా? కాస్త పాత లెక్కలు చూద్దాం రండి.

మన బందరులో రాబర్ట్ నోబుల్ దొర బడి పెట్టింది 1843లో. ఇలాంటి సంబంధాన్ని నేరంగా చూసి, యావజ్జీవం గానీ పదేళ్ళ దాకా జైలు గానీ రాసిన 377 సెక్షన్ వచ్చింది 1860లో, అమల్లోకి వచ్చింది 1862లో. రాసింది ఇంగ్లీషువాళ్ళు. అంటే అనాదిగా మనదే అనుకునే ఆ జైలుశిక్ష మన నోబుల్ కాలేజీ కంటే చిన్నదన్నమాట! ఇంగ్లండు తన దేశంలో ఇరవై ఒక్కేళ్ళు నిండిన మగవాళ్ళకు 1967లోనే ఆ నేరం ఎత్తేసుకుంది. మనం మాత్రం దాన్ని పదిలంగా దాచుకున్నాం.

ఇక అమెరికా సంగతి. అక్కడ ఆడపిల్లల కోసం 1865లో తెరిచిన వాసర్ అనే చిన్న కాలేజీలో, ఒకమ్మాయి ఇంకో అమ్మాయి మీద మనసు పడితే పూలగుత్తులు పంపేది, చీటీలు రాసేది, మిఠాయిలు ఇచ్చేది. దానికి వాళ్ళలో వాళ్ళు "స్మాష్" అని పేరు కూడా పెట్టుకున్నారు. 1873లో యేల్ విద్యార్థుల పత్రికలో దీని గురించి రాశారు కూడా. వెల్స్‌లీ అనే మరో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పిన కేథరిన్ లీ బేట్స్, కేథరిన్ కోమన్ ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి బతికారు. ఆ బేట్స్ గారే అమెరికన్లు ఈనాటికీ దేశభక్తి గీతంగా పాడుకునే పాట రాసింది. తరవాత్తరవాత డాక్టర్లు దీన్ని జబ్బు అన్నారు, కాలేజీలు అనుమానంగా చూశాయి. ఇలాంటి విద్యార్థుల సంఘాన్ని కొలంబియా విశ్వవిద్యాలయం గుర్తించింది 1967లో. అది జబ్బు కాదని అక్కడి మానసిక వైద్యుల సంఘం ఒప్పుకున్నది 1973లో. పూలగుత్తుల కాలం నుంచి అక్కడికి రావడానికి వాళ్ళకీ వందేళ్ళు పట్టింది.

మన దగ్గరా కదలిక కాలేజీల్లోంచే వచ్చింది. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, పెద్దవాళ్ళు ఇష్టపడి కలిసుంటే నేరం కాదంది. ఆ ధైర్యంతో కొందరు పిల్లలు స్నేహితుల దగ్గర నోరు విప్పారు. 2011లో ఐఐటీ బొంబాయిలో "సాథీ" అనే బృందం మొదలైంది. ఇంతలో 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. నిన్నటిదాకా ధైర్యంగా ఉన్నవాళ్ళు తెల్లారేసరికి మళ్ళీ నేరస్థులయ్యారు. నోరు విప్పిన పిల్లలు ఆ మాటను వెనక్కి ఎలా మింగుతారు చెప్పండి?

2018లో ఐఐటీల్లో చదివినవాళ్ళు, చదువుతున్నవాళ్ళు ఇరవై మంది సొంత పేర్లతో సుప్రీంకోర్టుకెక్కారు. ఆ పిటిషన్ మీద మొదట ఉన్న పేరు అన్వేష్ పొక్కులూరి. వాళ్ళ తరఫున వాదించిన లాయర్లలో మేనకా గురుస్వామి హైదరాబాదులో పుట్టినావిడే. ఆ ఏడాది సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీలూ ఒకే మాటగా, ఇది నేరం కాదన్నారు.

హైదరాబాదు పక్కన శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ ఉంది. అందరూ అక్కడే ఉండి చదువుకునే చిన్న విద్యాసంస్థ. 2015లో ఒక విద్యార్థిని తన సర్టిఫికెట్ మీద ఆడో మగో చెప్పే గౌరవవాచకం వద్దంటే, వాళ్ళు సరేనని అలాగే ఇచ్చారు. 2022లో హాస్టల్లో ఒక అంతస్తును ఆడామగా తేడా లేకుండా ఇలాంటి పిల్లల కోసం కేటాయించారు.

అన్ని కాలేజీలూ అలా ఉండవు కదా. మన చుట్టుపక్కల పిల్లలకు దొరికేది ఫోను ఒకటే. వేరే పేరు, మొహం కనపడని ఫొటో పెట్టుకుని యాప్‌లో మాట కలుపుతారు. అవతల నిజంగా తోడు వెతుక్కునేవాడూ ఉండొచ్చు, మోసగాడూ ఉండొచ్చు. రమ్మని పిలిచి, ఫొటోలు తీసి, డబ్బు గుంజే ముఠాలు చాలా ఊళ్ళలో పట్టుబడ్డాయి. ఒకప్పుడు వాళ్ళు "పోలీసులకు పట్టిస్తాం" అనేవాళ్ళు. ఆ సెక్షన్ పోయింది. ఇప్పుడు వాళ్ళ దగ్గర మిగిలిన బెదిరింపు ఒక్కటే: "మీ ఇంట్లో చెప్తాం." ఆ ఇల్లు మనదేనండీ. మనకు ముందే తెలిసుంటే, తెలిసీ వాణ్ణి మనం వదలమని వాడికి తెలిసుంటే, ఆ ముఠా చేతిలో ఇంకేముంటుంది?

ఇల్లే జైలైన కథ మన బెజవాడదే. అక్కడ కలిసి ఉంటున్న ఇద్దరు అమ్మాయిల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకుపోయి ఇంట్లో ఉంచేశారు. రెండో అమ్మాయి హైకోర్టుకు వెళ్ళింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఆ పిల్ల మేజరు, ఎవరితో ఉండాలో తనిష్టం, కుటుంబం జోక్యం చేసుకోకూడదు అని చెప్పింది. కూతురు ఆ తల్లిదండ్రుల మీద కేసు మాత్రం వద్దంది. ఆ ఒక్క ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇంకో మాట, ఇది మన ఆడవాళ్ళ కోసమే. "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అంటారు. ఆ పెళ్ళిలో రెండో వైపు కూర్చునేది ఎవరింటి పిల్ల? తన తప్పేమిటో తెలియక, మొగుడి మొహం చూస్తూ, పిల్లలింకా లేరేమని అత్తగారితో మాటలు పడేది ఎవరి కూతురు? సొంత కొడుకు పరువు కాపాడుకోవడానికి పరాయి ఆడపిల్లను బలి పెట్టడం న్యాయమేనా? డాక్టరు దగ్గర మార్పిస్తామన్నా కుదరదు. అలా మార్చబోవడం వైద్యుడి తప్పు కిందే లెక్క అని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది.

ఇద్దరు మగవాళ్ళకో ఇద్దరు ఆడవాళ్ళకో పెళ్ళి హక్కు ఇవ్వడం తమ పని కాదని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు అంది. ఆ కేసు వేసిన మొదటి జంట హైదరాబాదు వాళ్ళే. కోర్టులు చేయగలిగింది కోర్టులు చేస్తాయి. మనం చేయగలిగింది మరీ పెద్ద పనేం కాదు. టీవీలో ఇలాంటివాళ్ళ మీద వెకిలి జోకు వచ్చినప్పుడు పిల్లల ముందు నవ్వకుండా ఉండటం. ఫోన్లో "అన్నం తిన్నావా, ఫీజు కట్టావా" అన్నాక, "నీకు ఏ కష్టమొచ్చినా, ఎలాంటి సంగతైనా ముందు నాకు చెప్పు, నేను కోప్పడను" అనడం. చెప్పిన రోజున నిజంగా కోప్పడకపోవడం. ఇందులో మూడోదే కష్టం. దానికి ఇప్పట్నుంచే మనసు సిద్ధం చేసుకోవాలి.