హిమగిరి చెంత ఒక జీవితం

అల్లసాని పెద్దన రచించిన ‘మనుచరిత్ర’లోని ప్రవరాఖ్యుని కథ మన పాఠశాలలో తెలుగు చదివిన వారందరికీ పరిచితమే. సిద్ధుడిచ్చిన పాదలేపనపు మహిమతో అతడు హిమాలయాలకు వెళ్లాడు. మంచుకు లేపనం కరిగిపోగా, ఇల్లు చేరే దారి తెలియక తల్లడిల్లాడు. ఆ పర్వతశోభను చూడడానికి అతనికి ఒక్క పూట చాలింది. అదే హిమగిరి సన్నిధికి నలభై తొమ్మిదవ ఏట వచ్చి, శేషజీవితాన్ని దాని చిత్రణకే అంకితం చేసిన విదేశీయుడొకరు ఉన్నారు. ఆయనే రష్యన్ చిత్రకారుడు, రచయిత నికోలస్ రోరిక్.

రోరిక్ 1874 అక్టోబరు 9న సెంట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించారు. ఒకవైపు న్యాయశాస్త్రం, మరొకవైపు చిత్రకళ అభ్యసించారు. 1913లో ప్యారిస్‌లో ప్రదర్శితమైన స్ట్రావిన్‌స్కీ నృత్యనాటకానికి రంగాలంకరణను, వేషధారణను రూపొందించి పేరు గడించారు. బాల్యంలో తమ గ్రామగృహంలో ఒక పర్వతచిత్రం ఉండేదనీ, అది కాంచన్‌జంగ శిఖరానిదని తనకు చాలాకాలం తరువాత గాని తెలియలేదనీ ఆయనే వ్రాసుకున్నారు. 1917 నాటి విప్లవానంతరం స్వదేశానికి దూరమై, ఐరోపాలోనూ అమెరికాలోనూ నివసించి, 1923 డిసెంబరులో భార్య హెలీనాతోనూ కుమారులతోనూ భారతదేశంలో అడుగుపెట్టారు.

పర్వతాలు ఆయనకు సులభంగా దక్కలేదు. 1925లో కాశ్మీరు, లడఖ్ మీదుగా బయలుదేరి మధ్య ఆసియా, ఆల్టాయి, మంగోలియా ప్రాంతాలను చుట్టి, టిబెట్ గుండా 1928లో తిరిగి వచ్చారు. 1927 శీతకాలంలో టిబెట్ పీఠభూమిపై అధికారులు ఆ బృందాన్ని నెలల తరబడి ముందుకు సాగనివ్వలేదు. ఎముకలు కొరికే చలిలో గుడారాలలోనే గడపవలసి వచ్చింది. సహచరులలో కొందరు, బరువులు మోసే పశువులలో అధికభాగం అక్కడే మరణించారు. అటువంటి యాత్రలోనూ ఆయన కుంచెను గాని, కలాన్ని గాని విడిచిపెట్టలేదు. ఆ దినచర్యయే 1929లో ‘ఆల్టాయి–హిమాలయ’ అనే గ్రంథంగా వెలువడింది.

అనంతరం కులూ లోయలో, బియాస్ నదికి ఎగువన ఉన్న నగ్గర్ గ్రామంలో స్థిరపడ్డారు. 1928లో నెలకొల్పిన ‘ఉరుస్వతి’ పరిశోధనాసంస్థ ద్వారా హిమాలయాల ఓషధులను, భాషలను, సంప్రదాయాలను అధ్యయనం చేయించారు. ఒకే శిఖరాన్ని ఉదయపు గులాబి కాంతిలోను, మిట్టమధ్యాహ్నపు నీలిమలోను, సంధ్యారాగంలోను మళ్లీమళ్లీ చిత్రించారు. నూనెరంగుల మెరుపు లేని టెంపెరా వర్ణాలు ఆ మంచుకు చక్కగా అమరాయి. ఆయన చిత్రాలలో మనిషి కనిపించినా, కొండ ముందు చిన్న చుక్కవలెనే కనిపిస్తాడు.

యుద్ధ సమయాల్లో కళాసంపదను కాపాడాలని ఆయన చేసిన కృషి ఫలితంగా 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో ‘రోరిక్ ఒడంబడిక’పై అమెరికా ఖండాల దేశాలు సంతకాలు చేశాయి. స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న కోరిక మాత్రం నెరవేరలేదు. 1947 డిసెంబరు 13న నగ్గర్‌లోనే కన్నుమూశారు. దహనస్థలంలో నిలిపిన శిల ఆయనను భారతదేశానికి గొప్ప మిత్రుడని పేర్కొంటున్నది.

ఈ చరిత్రకు మన బెంగుళూరుతోను, తెలుగునేలతోను సంబంధమున్నది. ఆయన కుమారుడు, చిత్రకారుడు స్వెతొస్లావ్ ఈ నగర శివార్లలోని తాతగుణి ఎస్టేటులో జీవించారు. పార్లమెంటు సెంట్రల్ హాలులోని నెహ్రూ చిత్రపటం ఆయన చిత్రించినదే. 1945లో ఆయనను వివాహమాడిన దేవికారాణి మన వాల్తేరులో జన్మించినవారు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారానికి తొలి గ్రహీత. స్వెతొస్లావ్ 1993లోను, దేవికారాణి 1994లోను పరమపదించారు.

చిత్రకళా పరిషత్‌లోని రోరిక్ చిత్రశాలకు కొన్నేళ్ల క్రితం తొమ్మిదవ తరగతి పిల్లలను తీసుకువెళ్లాను. ఒక బాలిక చాలాసేపు ఆ నీలిపర్వతాలను చూసి, “టీచరుగారూ! ఇంతకూ ఆయనది ఏ ఊరు?” అని అడిగింది. రష్యా అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్న మన పిల్లలకు తరచుగా ఎదురయ్యేదే. “మీది ఏ ఊరు?” అని ఇక్కడివారు అడుగుతారు, సెలవులకు వెళితే అక్కడివారూ అడుగుతారు. తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాల బిడ్డలకు కూడా వెంటనే జవాబు తోచదు.

“పుట్టిన ఊరిని మరువలేదు, ఉన్న ఊరిని పరాయిదనుకోలేదు. రెండూ ఆయనవే” అని ఆనాడు చెప్పాను. ఇంటిభాషను కాపాడుకుంటూ, ఈ నేలను మనసారా ప్రేమించిన పెద్దలు నిలిపిన పాఠశాల మనది. ఈ ప్లాటినం జూబిలీ శుభవేళ మా పిల్లలకు నేను చెప్పగలిగిన సమాధానం నేటికీ అదే.