ఎదుట లేని పోటీదారు

కర్నూలు, కడప జిల్లాల్లో తిరునాళ్లకు బండలాగుడు పెడితే ఎన్ని ఎద్దుల జతలు వచ్చినా అన్నీ ఒకేసారి బరిలోకి దిగవు. చీటీలు తీసి, వచ్చిన నంబరు ప్రకారం ఒక్కో జతనూ పిలుస్తారు. పాలపళ్ల నుంచి సీనియర్స్ దాకా విభాగాన్ని బట్టి బండ బరువు, గడువు ఉంటాయి. ఆ గడువులో ఎక్కువ అడుగులు లాగినవారిదే బహుమతి. ఏ ఎద్దులను ఓడించాలో అవి అప్పటికే బండ వదిలి నీడకు చేరి ఉంటాయి. అయినా పోటీ చప్పబడదు. మైకు దగ్గరున్నాయన రౌండు రౌండుకూ నిమిషాలు, సెకన్లు చదువుతూ, మొదటి స్థానంలో ఉన్న జత కన్నా ఇన్ని సెకన్లు ముందంజలో ఉన్నారనో వెనుకంజలో ఉన్నారనో చెబుతూనే ఉంటాడు. బరిలో లేని జతను ఆ గొంతు బండ పక్కనే నడిపిస్తుంది. వీడియో గేముల్లో ఘోస్ట్ అనే ఏర్పాటు తీర్చిన అవసరం సరిగ్గా ఇదే.

కార్ట్ పందేల ఆటలకు ఒరవడి పెట్టిన సూపర్ మారియో కార్ట్‌ను నింటెండో 1992 ఆగస్టులో జపాన్‌లో విడుదల చేసింది. అందులో టైమ్ ట్రయల్ అంటే ఒంటరి పరుగు, గడియారంతో పోటీ. ఆటగాడు మళ్లీ మొదలుపెడితే అతని పాత పరుగే ఘోస్ట్‌గా, నీడలా పక్కన సాగుతుంది, గుద్దినా తగలదు. 1996లో వచ్చిన మారియో కార్ట్ 64లో ఆ పరుగును కంట్రోలర్‌కు తగిలించే చిన్న మెమరీ కార్డులో దాచుకోవచ్చు. 32 కిలోబైట్ల ఆ కార్డు రెండు ఘోస్టులకే దాదాపు నిండిపోయేది. 2008 నాటి మారియో కార్ట్ వీతో ఇంటర్నెట్ ద్వారా ప్రపంచంలోని ఇతర ఆటగాళ్ల పరుగును దించుకుని దానితో పోటీపడే వీలొచ్చింది. అందులో ఒక్కో ఘోస్ట్ పది కిలోబైట్లు దాటదు. కారణం, అందులో బొమ్మ ఉండదు. ఏ క్షణాన ఏ మీట నొక్కారన్న లెక్క మాత్రమే ఉంటుంది. ఆ లెక్కను చదువుకుంటూ యంత్రం పరుగును మళ్లీ మొదటి నుంచి పరుగెత్తిస్తుంది.

రికార్డు అంకె తెలిస్తే చాలదా, ఈ నీడ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. చాలదు. ఓడిపోయావని అంకె చివర్లో చెబుతుంది, ఎక్కడ ఓడిపోతున్నావో ఘోస్ట్ దారిలోనే చూపిస్తుంది. ఏ మలుపులో వెనకబడ్డాడో కళ్లారా చూసినవాడే ఆ మలుపును దిద్దుకోగలడు. మూడో రౌండులో వెనుకంజ అని విన్న రైతు కూడా గడువు ముగియకముందే ఎద్దులను అదిలించగలడు. మైకు మాట ఘోస్ట్‌లాంటి రికార్డింగు ఎలా అవుతుందన్న అభ్యంతరం ఇంకా గట్టిది. నిజమే, నోటి లెక్క పరుగంతటినీ పట్టుకోలేదు. కానీ ఘోస్ట్ కూడా పరుగు బొమ్మ కాదు, పరుగును తిరిగి లేపగల లెక్కే. రెండింటికీ అసలైన తేడా నేల దగ్గర ఉంది. ఆటలో ట్రాకు ఎన్నిసార్లు తిరిగినా మారదు. బండలాగుడులో మొదటి జత లాగిన నేల చివరి జతకు అలాగే ఉండదు, ఎండా అలాగే ఉండదు. చీటీలో వచ్చిన నంబరు కూడా ఫలితంలో పాలు పంచుకుంటుంది. అందుకే ఇక్కడ రౌండ్ల లెక్క మరింత విలువైనది. పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏది ఎద్దుల బలమో, ఏది నేల చేసిన సాయమో కొంతైనా తేలుతుంది.

మారియో కార్ట్ వీ ఆన్‌లైన్ సేవను నింటెండో 2014 మే 20న ఆపేసింది. ఆ తర్వాత ఆ ఘోస్టులను భద్రపరిచే పనిని అభిమానులే తలకెత్తుకున్నారు. మన తిరునాళ్లలో మాత్రం మర్నాటి పేపర్లో యజమాని పేరు, ఊరు, మొత్తం అడుగులు మిగులుతాయి. రౌండ్ల లెక్క రాసిన కాగితం పోతుంది. యూట్యూబ్‌లో వీడియోలు ఉన్నా వాటిలోంచి సెకన్లు ఏరి రాసేవారు అరుదు. బండలాగుడు నడిపే కమిటీలకు ఒక్కటే విన్నపం: ఫలితాలతో పాటు ప్రతి జత రౌండ్ల సమయాలు, చీటీ నంబరు, బండ బరువు ఒక పుస్తకంలో రాసి ఏటేటా దాచండి.