పొర పలచబడితే తప్పెవరిది?

సంతానం కోసం మందులు వాడుతున్న రోజులు. మూడు నెలలుగా, నెలకు ఐదు రోజుల చొప్పున క్లోమిఫిన్ మాత్రలు వేసుకుంటున్నాను. పట్నంలో ఒక ఆస్పత్రిలో స్కానింగ్ చేసిన డాక్టరమ్మ "గర్భసంచి లోపలి పొర పలచగా ఉంది. మీ శరీరం సహకరించడం లేదు" అంది. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, మాటల్ని విప్పి చూడటమే నా పని. అయినా ఆ మాటకి నేరం చేసినదానిలా తలొంచుకుని మెదక్‌లో మా అమ్మ దగ్గరికి వచ్చాను.

అమ్మ అంతా విని, "గప్పుడు పిల్లలొద్దనేటోళ్ళకు సూదులు, గిప్పుడు కావాల్ననేటోళ్ళకు మందులు. ఏదీ చెప్పి ఇచ్చేది లేదు బిడ్డా" అంది.

ఆ "గప్పటి" సూది గురించి వెతికాను. అది మా జిల్లా కథే. 1985లో, అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్ ఎన్ అనే గర్భనిరోధక సూదిమందుని ఆడవాళ్ళ మీద ప్రయోగించడం మొదలుపెట్టారు. చేపట్టింది భారత వైద్య పరిశోధనా మండలి. రెండు నెలలకొక సూది, 200 మిల్లీగ్రాములు. పిల్లలు పుట్టకుండా ఆపుతుందని చెప్పారు గానీ ఇది ప్రయోగమని చెప్పలేదు. హైదరాబాదు నుంచి స్త్రీశక్తి సంఘటన సభ్యులు వెళ్ళి నిలదీశారు. దుష్ఫలితాల సంగతి తెలిశాక, వచ్చినవాళ్ళలో చాలామంది సూది వద్దని వెళ్ళిపోయారు.

ఆ సూదికీ లోపలి పొరకీ సంబంధం ఏమిటి? ప్రతినెలా ఈస్ట్రోజెన్ ఆ పొరను పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ దాన్ని పిండం కోసం సిద్ధం చేస్తుంది. రెండూ తగ్గినప్పుడు పొర రాలిపోయి బహిష్టు వస్తుంది. సూదిలోని కృత్రిమ హార్మోన్ వారాల తరబడి ఆగకుండా పనిచేస్తే పొర ఎదగక పలచబడుతుంది. అందులోని సన్నని రక్తనాళాలు పెళుసుబారి ఎప్పుడు పడితే అప్పుడు రక్తస్రావం అవుతుంది. కొందరికి బహిష్టే ఆగిపోతుంది. రికార్డులో అయితే ఇది "రుతుక్రమంలో తేడా". రక్తహీనతతోనే కూలికి పోతూ, ముట్టయితే మూల కూచోబెట్టే ఇంట్లో బతికే మనిషికి అది రోజూ మోయాల్సిన బరువు.

1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలీ, అహ్మదాబాదుకి చెందిన చింగారి మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్ ఎన్‌ని సామూహికంగా వాడటం తగదని ప్రభుత్వం ఒప్పుకున్నాక, 2000లో ఆ కేసు ముగిసింది. పధ్నాలుగేళ్ళు పట్టింది. 2017లో ఇదే కోవకి చెందిన మరో సూది, మూడు నెలలకొకసారి ఇచ్చే డెపో ప్రొవెరా మందు, "అంతర" పేరుతో ప్రభుత్వాస్పత్రుల్లోకి వచ్చింది.

ఇక నా మాత్ర సంగతి. క్లోమిఫిన్ ఈస్ట్రోజెన్‌కి అడ్డుపడుతుంది. ఈస్ట్రోజెన్ తక్కువైందనుకుని మెదడు అండాశయాన్ని తొందరపెడుతుంది, అండం తయారవుతుంది. కానీ అదే అడ్డు గర్భసంచిలోనూ పడి, కొందరిలో పొర పలచగానే ఉండిపోతుంది. వైద్యుల పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న విషయమే ఇది. నా శరీరం సహకరించకపోవడం కాదు, మందు చెప్పినట్టే విన్నది!

మందులు చెడ్డవని నేననడం లేదు. ఈ మాత్రతో తల్లులైనవాళ్ళు ఎందరో ఉన్నారు. సూదే నయమనుకునే స్త్రీలూ ఉన్నారు. ఏమిస్తున్నారో, అది ఒంట్లో ఏం చేస్తుందో ముందే తెలియాలన్నదే పటాన్‌చెరులో వాళ్ళు లేవనెత్తిన విషయం. తర్వాతిసారి ఆస్పత్రికి కాగితం మీద ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. మొదటిది: "ఈ మందు నా గర్భసంచి లోపలి పొరని ఏం చేస్తుంది?"