కుక్కకూ బెంగ ఉంటుంది



మీరు ఏ పేరంటానికో వెళ్ళి గంటలో తిరిగి వచ్చారనుకోండి. ఈలోగా మీ పెంపుడు కుక్క తలుపు చెక్కంతా గోకేసింది, చెప్పులు కొరికేసింది, నట్టింట్లో తడి చేసి పెట్టింది. పైగా పక్కింటావిడ వచ్చి, "మీరు గుమ్మం దాటినప్పట్నుంచీ ఒకటే ఏడుపమ్మా!" అంది. అప్పుడు మనకేమనిపిస్తుంది? వదిలి వెళ్ళామని కసి తీర్చుకుందనే కదా! కోపంలో ఒకటి తగిలిస్తాం. రెండుసార్లు అలా జరిగితే, "ఎవరికైనా ఇచ్చేద్దాం" అంటారు ఇంట్లో మగవాళ్ళు. ఆ నిర్ణయానికి వచ్చేముందు కాస్త పాత సంగతులు వినండి.

మనిషికీ కుక్కకీ స్నేహం నిన్నా మొన్నటిది కాదు. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఒబెర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక సమాధి బయటపడింది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వాళ్ళతోపాటు ఒక కుక్కపిల్ల ఉన్నాయి. అది సుమారు 14 వేల ఏళ్ళ నాటిది. ఆ పిల్లకు పెద్ద జబ్బు చేసిందనీ, మనుషులు దగ్గరుండి చూసుకోబట్టే కొన్నాళ్ళైనా బతికిందనీ దాని పళ్ళు పరీక్షించిన శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంటే మనిషి నాగలి పట్టకముందే కుక్క అతని ఇంటి మనిషైంది. మన తోడు లేనిదే ఉండలేని గుణాన్ని దానికి అలవాటు చేసింది మనమే.

ఆ గుణాన్ని కావ్యాల్లో ఎంతో మెచ్చుకున్నాం కూడా. భారతం చివర ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. గ్రీకుల ఒడిస్సీలో ఆర్గోస్ అనే ముసలి కుక్క, 20 ఏళ్ళ తర్వాత మారువేషంలో వచ్చిన యజమానిని గుర్తుపట్టి, తోకాడించి ప్రాణం విడిచింది.

ఇక జపాన్ సంగతి చూడండి. టోక్యోలో హిదెసాబురో ఉయెనో అనే వ్యవసాయశాస్త్ర ఆచార్యుడు ఉండేవారు. ఆయన కుక్క పేరు హచికో. షిబుయా రైల్వేస్టేషనులో అది ఆయనకు ఎదురు వెళ్ళేది. 1925 మే నెలలో ఆయన విశ్వవిద్యాలయంలో ఉండగానే హఠాత్తుగా కన్నుమూశారు. వాళ్ళ స్నేహానికి అప్పటికి ఏడాదిన్నరైనా నిండలేదు. అయినా 1935 మార్చిలో చనిపోయేదాకా, అంటే దాదాపు పదేళ్ళు, హచికో ఆ స్టేషనుకు వస్తూనే ఉంది. 1932లో పత్రికలో దాని కథ పడేవరకూ అక్కడ దాన్ని కసిరి తరిమినవాళ్ళున్నారు. కథ పడ్డాక 1934లో అది బతికుండగానే కంచు విగ్రహం పెట్టారు. యుద్ధకాలంలో లోహం కోసం ఆ విగ్రహాన్ని కరిగించేస్తే, 1948లో మళ్ళీ కొత్తది నిలబెట్టారు. చూశారా! కుక్కా అదే, ఎదురుచూపూ అదే. మన చూపే మారింది.

ఆ చూపు మారడానికి పసిపిల్లలు కూడా కారణం. తల్లి కనబడకపోతే గుక్కపట్టి ఏడ్చే పిల్లల్ని ఒకప్పుడు మొండివాళ్ళనేవారు. లండన్‌లో జాన్ బౌల్బీ అనే వైద్యుడు, అది మొండితనం కాదు, ఎడబాటు వల్ల కలిగే భయం అని చెప్పాడు. దీని మీద 1973లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. పశువైద్యులూ కుక్కను ఆ దృష్టితోనే చూడసాగారు. 1998లో అమెరికా ప్రభుత్వం కుక్కల ఎడబాటు బెంగకు ఒక మందును అనుమతించింది. అంటే ఇది అల్లరి కాదు, వైద్యం చేయదగిన బాధ అని ఒప్పుకున్నట్టే.

"మరి నేను రాగానే తప్పు చేసినట్టు తల దించుకుంటుందే?" అంటారేమో. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఇదీ పరీక్షించింది. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని కసిరినప్పుడే కుక్కలు ఎక్కువగా ఆ ముఖం పెట్టాయి. అది పశ్చాత్తాపం కాదమ్మా, మన కోపం చూసి భయం. మనం కొడితే, చెప్పు కొరికినందుకని దానికి తెలియదు. మీరు ఇంటికి రావడమంటేనే భయం పట్టుకుంటుంది, బెంగ రెట్టింపవుతుంది.

మరేం చేయాలి? ముందు పశువైద్యుడికి చూపించండి. ఇల్లు తడిపేది మూత్రవ్యాధి వల్ల కూడా కావచ్చు. మందులు ఆయన చెబితేనే. మన మాత్రలు వేయకండి. తర్వాత సాధన మొదలుపెట్టండి. తాళంచెవి తీసుకుని, చెప్పులేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా మళ్ళీ కూర్చోండి. నాలుగు రోజులు పోయాక అరనిమిషం బయట నిలబడి, అది ఏడుపందుకోకముందే లోపలికి రండి. ఆ వ్యవధి మెల్లమెల్లగా పెంచండి. వారాలు పడుతుంది, తొందరపడకూడదు. వెళ్ళేముందు కాస్త తిప్పి తీసుకొచ్చి, దానికిష్టమైనదేదో పెట్టండి. వీడ్కోలు హడావుడి వద్దు. ఇరుకు గదిలో పెట్టి గొళ్ళెం వేయకండి, భయంతో గాయపరచుకుంటుంది. అలవాటయ్యేదాకా ఇంట్లో ఎవరో ఒకరుండేలా చూసుకోండి, లేదా పక్కింటివాళ్ళకు అప్పజెప్పండి.

షిబుయాలో విగ్రహమై నిలిచిన గుణమే మన గుమ్మం దగ్గర చెప్పుదెబ్బలు తింటోంది. ఈసారి తలుపు మీద గోళ్ళ గీతలు కనిపిస్తే, కర్ర కోసం వెతక్కండి. మీరు రారేమోనని అది ఎంత భయపడిందో ఆ గీతల్లో చూడండి.