గ్రామనామాన్వేషణమున గ్రెప్ సాధనము

గ్రామచరిత్ర వ్రాయబూనువారు మొదట చేయు పని, ఆ గ్రామనామము ఏ శాసనమున, ఏ కైఫీయతున కానవచ్చునో వెదకుట. పూర్వమిది పుటపుటయు త్రిప్పి చేయవలసిన పని. గ్రంథపాఠములు కంప్యూటరు ఫైళ్లుగా చేరుచున్న నేడు, కమాండ్ లైనున ఒక్క పంక్తి వ్రాసి వేల పుటలను క్షణములో గాలింపవచ్చును. ఆ పనికి ప్రసిద్ధమైన సాధనము గ్రెప్. వెదకిన మాట దొరకనిచో అది ఏమియు పలుకదు. ఆ మౌనమును ఆధారము చేసికొని 'ఈ పేరు ఫలానా శతాబ్దికి ముందు లేదు' అని నిర్ణయింపవచ్చునా యనునది మేమిచట విచారించు విషయము.

ఈ సాధనము పుట్టుకయే సాహిత్య పరిశోధనతో ముడివడియున్నది. అమెరికాలో 1787-88లలో ఒకే మారుపేరుతో వెలువడిన 85 'ఫెడరలిస్టు' వ్యాసములలో కొన్నింటి కర్త యెవరను వివాదము చిరకాలము సాగినది. క్రీడాభిరామము శ్రీనాథునిదని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చేసిన వాదము నెరిగిన మనకు ఇట్టి చర్చ క్రొత్త కాదు. బెల్ పరిశోధనాలయమున లీ మెక్‌మహన్ ఆ వ్యాసముల భాషను పరిశీలింపగోరగా, ఆనాటి 'ఎడ్' అను సవరణసాధనమునకు అంత పాఠము నొక్కమారు ఇముడ్చుకొను శక్తి లేకపోయెను. అంతట కెన్ థాంప్సన్ ఎడ్‌లోని అన్వేషణభాగమును వేరుచేసి స్వతంత్ర సాధనముగా నిచ్చెను. 1973 నాటి యూనిక్సు వివరణగ్రంథమున నిది చోటుచేసికొన్నది. 'అంతటను వెదకుము, ఈ నమూనా గల పంక్తులను చూపుము' అను ఎడ్ ఆజ్ఞయొక్క పొడియక్షరములే దాని పేరు.

గ్రెప్ అర్థము నెరుగదు. అక్షరసంకేతముల వరుసనే పోల్చును. జగ్గయ్యపేట చెంతనున్న చిల్లకల్లు పేరును చూడుడు. యూనికోడ్‌లో దీనికి పది సంకేతములు. మొదటిది చకారము, కడపటిది ఉకారము. ఈ పదింటిని వెదకినచో 'చిల్లకల్లున', 'చిల్లకల్లులో' దొరకును. కాని 'చిల్లకల్లను గ్రామము', 'చిల్లకల్లందు' అని యున్నచోట ఉత్వసంధిచే ఉకారము లోపించుటవలన దొరకవు. కడపటి ఉకారమును విడిచి 'చిల్లకల్ల' అని వెదకినచో నన్నియు చిక్కును. మున్నేరు విషయమున మరియొక చిక్కు: పాత వ్రాతలలో శకటరేఫతో 'మున్నేఱు' అని యుండవచ్చును. 'ర' 'ఱ'లు రెంటిని చదరపు కుండలీకరణములలో నుంచినచో నొకే అన్వేషణమున రెండు రూపములును పట్టుబడును.

ప్రోలు శబ్దము ఇంకను బోధకము. పెనుగంచిప్రోలున అది యథాతథముగా నున్నది, చేబ్రోలున బ్రోలైనది, నిరవద్యప్రోలు నిడదవోలైనప్పుడు వోలైనది. గసడదవాదేశ సరళాదేశముల నెరిగిన విద్యార్థి ఈ మూటిని నిలువుగీతలతో వేరుచేసి యొక్క నమూనాలో నుంచును. ఎరుగనివాడు ప్రోలును మాత్రమే వెదకి, మిగిలినవి లేవనుకొనును. 1858 నాటి బాలవ్యాకరణము ఈ విధముగా కంప్యూటరు పనికిని అక్కరకు వచ్చుచున్నది.

గ్రెప్ పంక్తిపంక్తిగా చదువుననుటయు మరువరాదు. శిలమీద చోటు చాలక శిల్పి పదమును నడుమ విరిచి తరువాతి పంక్తిలో ముగించుట సామాన్యము. ముద్రిత శాసనపాఠములు ఆ పంక్తివిభాగమును పాటించును. 'చిల్ల' ఒక పంక్తిని, 'కల్లు' వేరొక పంక్తిని ఉన్నచో గ్రెప్‌కు ఆ గ్రామమే లేదు. కావున పంక్తులను కలిపిన ప్రతి నొకదానిని సిద్ధపరచుకొని వెదకవలెను.

వ్యాకరణమును తోడ్పడలేని చోటు కలదు. జగ్గయ్యపేట అను పేరు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు (మరణము 1816) తన తండ్రి పేర నుంచినది. దానికి పూర్వము ఆ యూరు బేతవోలు. 1882లో బర్జెస్ పరిశోధించిన అచటి స్తూపమున, ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని 20వ పాలనవర్షమున ఐదు ఆయకస్తంభములు నిలిపినట్లు చెప్పు ప్రాకృత శాసనములు కలవు. వానిలోని నామము వెలగిరి. జగ్గయ్యపేట యని వెదకువానికి ఈ పదునారు శతాబ్దులును శూన్యములు. వెలగిరిని బేతవోలితో, బేతవోలిని జగ్గయ్యపేటతో కలుపునది చరిత్రజ్ఞానమే కాని యంత్రము కాదు.

కావున పరిశోధక విద్యార్థులకు మేము చేయు సూచన ఇది: ఒక పేరు కానరాలేదని వ్రాయునపుడు ఏయే ఫైళ్లలో, ఏయే రూపములతో, పంక్తులు కలిపియో కలుపకయో వెదకితిరో వ్యాసమునందే తెలుపవలెను. అట్లు తెలిపినచో, విడిచిన రూపము నింకొకరు వెదకి ఆ నిర్ణయమును సరిచూచుట కవకాశముండును. తెలుపనిచో, ఒక్క ఉకారలోపమువలన ఒక గ్రామము తన ప్రాచీనతను కోల్పోవును.