తోలు తొడుగులో పాట



కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల పెద్దలకు ట్రాన్సిస్టర్ రేడియో అనగానే ముందు గుర్తొచ్చేది దాని తోలు తొడుగు. గోధుమరంగు, భుజానికి పట్టీ, పాట వినబడే చోట వరుసగా సన్నని చిల్లులు, వెనుక టిచ్ బటన్లు. రేడియో ఎక్కడో పుట్టింది. తొడుగు కథలో మాత్రం మన నేలకూ, మన మనుషులకూ భాగముంది. ఆ కథే ఈనాటి ప్రసంగం.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్‌ను కనిపెట్టారు. 1954లో రీజెన్సీ టీఆర్-1 అనే జేబు రేడియో అమ్మకానికి వచ్చింది. దాని పెట్టె ప్లాస్టిక్‌ది. కిందపడితే పగులుతుంది కనుక తోలు తొడుగు విడిగా అమ్మేవారు. మన వైపు 1963లో తిరునెల్వేలి ఆకాశవాణి కేంద్రం మొదలైంది. రేడియో చేనుగట్టుకు చేరాక నల్లరేగడి దుమ్ము నుంచి, చెమట చేతుల నుంచి దాన్ని కాపాడింది ఆ తొడుగే.

తోళ్లన్నీ ఒకటి కావు. క్రోము ఉప్పుతో పదును చేసిన తోలు మెత్తగా సాగుతుంది. చెట్టు బెరడుతో పదును చేసినది గట్టిగా ఉంటుంది. తడిపి అచ్చు మీద బిగిస్తే ఆ ఆకారంలోనే ఆరుతుంది. చిల్లు పొడిచినా అంచు చీలదు. రేడియో తొడుగుకు కావలసిన గుణాలివే.

దక్షిణాదిలో ఆ పనికి పేరుపొందిన బెరడు తమిళంలో ఆవారం, మన తెలుగులో తంగేడు. గట్ల మీద పచ్చగా పూసే తంగేడే! సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసిన చర్మాన్ని తంగేడు బెరడు నీళ్లలో ఊరవేసి, కరక్కాయ నీళ్లు పట్టించి, కానుగ నూనె రాసేవారు. మద్రాసు రాజధానిలో ఇలా తయారైన తోళ్లు 'ఈస్ట్ ఇండియా' తోళ్లన్న పేరుతో ఇంగ్లండుకు ఓడలెక్కేవి.

ఇక మనుషుల మాట. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఈ రెండు జిల్లాల్లో ఎందరో ఉన్నారు. కరెంటు మోటార్లు రాకముందు కపిల బావిలో నీళ్లు తోడే తోలు బానను కుట్టింది వారిలో తోలుపని చేసినవారే. మోటార్లు వచ్చి బావి దగ్గర తోలుకు పని తగ్గిన కాలంలోనే, ట్రాన్సిస్టర్‌తోపాటు తోలు నడింట్లోకి వచ్చింది. కొత్త తొడుగు ఫ్యాక్టరీదే కావచ్చు. కుట్టు ఊడితే, పట్టీ తెగితే తోలుపని తెలిసిన చేతులే దిక్కు.

ఇక్కడొక నిజం దాచకూడదు. తొడుగును గూట్లో పెట్టుకున్న ఇళ్లు ఆ చేతులను గడప దాటనివ్వలేదు. ఇద్దరిదీ తెలుగే అయినా గడప అడ్డుగానే నిలిచింది. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల కోటాలో అరుంధతీయులకు 3 శాతం వాటా ఇస్తూ చట్టం చేసింది. 2024లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ చట్టం వెనుక ఇలాంటి గడపల చరిత్ర ఉంది.

తర్వాత రెక్సిన్ వచ్చింది. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. చౌక, వానకు తడవదు, తోలులా బూజు పట్టదు. కాని ఎండకు దాని మెత్తదనం పోయి పగుళ్లిస్తుంది. 1979లో సోనీ వాక్‌మన్ వచ్చింది. అలాంటి క్యాసెట్ ప్లేయర్లకు స్పాంజి పెట్టిన సంచులు కూడా వాడారు. ఏళ్లు గడిస్తే ఆ స్పాంజి జిగటై, పొడిగా రాలుతుంది. ఇవాళ పాట సెల్‌ఫోన్‌లో ఉంది, దానికి సిలికాన్ తొడుగు. చిరిగితే కుట్టించే పని లేదు, పారేయడమే.

మీ అటక మీద పాత తోలు తొడుగు ఉంటే పొడిగుడ్డతో తుడవండి. రేడియోలోంచి బ్యాటరీలు తీసేయండి. ప్లాస్టిక్ సంచిలో బిగించకండి, తేమ నిలిచి బూజు పడుతుంది. దానికి మళ్లీ కుట్టు వేసినవారెవరో పెద్దలనడిగి, ఆ పేరు ఒక కాగితం మీద రాసి తొడుగులోనే ఉంచండి. రేడియో కంపెనీ పేరు పెట్టె మీదే ఉంటుంది. కుట్టినవారి పేరు మనం రాస్తేనే ఉంటుంది.